గుణం రాసే అయ్యోరు

నంద్యాలలో ఒక మిషను బడిలో తెలుగు పండితుడిగా పనిచేసిన సుందరరాజు గారికి చనిపోయినవాళ్లంటే మహా ఇష్టం. బతికున్నవాళ్లు మధ్యలో అడ్డం వస్తారు. తప్పులు పడతారు. పెట్టెలో పడుకున్నవాళ్లు ఆయన ఏం చదివినా కిమ్మనకుండా వింటారు. బడిలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా దొరకని నిశ్శబ్దం ఆయనకు సమాధుల తోటలో దొరికింది.

వాళ్ల సంఘంలో ఎవరు పోయినా, పెట్టెను గుంటలోకి దించే ముందు ఆ మనిషి జీవిత చరిత్ర చదవడం ఆనవాయితీ. పుట్టిన ఊరు, బాప్తిస్మం పుచ్చుకున్న సంవత్సరం, పెళ్లి, పిల్లలు, చేసిన పని, ఆఖరున వచ్చిన జబ్బు. ఆ కాగితం రాసి మైకులో చదివే పని 1952 నుంచి సుందరరాజుదే. అందరి బతుకులూ కాగితం మీద ఒకే రకంగా కనిపిస్తున్నాయని ఆయనకు అసంతృప్తిగా ఉండేది. అందుకని చివర ఒక వాక్యం సొంతంగా చేర్చాడు. ఆ మనిషి లోపల ఉన్న అసలు సంగతి ఏమిటో ఒక్క మాటలో చెప్పే వాక్యం అది. దాన్ని చదివేటప్పుడు గొంతు తగ్గించి, కళ్లద్దాలు తీసి, జనం వైపు ఒకసారి చూసేవాడు. ఆడవాళ్లు సరిగ్గా అక్కడ ఘొల్లుమనేవారు.

లోపలి సంగతికి తెలుగులో చాలా పేర్లున్నాయి. ఎవరికి ఏ పేరు వాడాలో ఆయనకు ఒక లెక్క ఉంది. కమిటీ పెద్ద పోతే "వీరి తత్వము" అనేవాడు. పాస్టర్లు, టీచర్లు పోతే "వీరి శీలము". సొంత భూమి ఉన్న రైతు పోతే "వీరి స్వభావము". కూలి చేసుకునేవాళ్లు పోతే "వీరి గుణము". నైజం అనే మాటను మాత్రం సమాధుల తోటకు తేలేదు. దాన్ని ఎద్దులకూ బడిలో వెనక బెంచీ వాళ్లకూ అట్టిపెట్టాడు. ఈ ఐదింటికీ తేడా ఏమిటని ఎవరో అడిగితే ఆయన భార్య దెబోరా బియ్యం ఏరుకుంటూ జవాబు చెప్పింది.

"ఏముందీ, కుర్చీ, స్టూలు, బెంచీ, చాప, కటిక నేల. అంతే తేడా."

ఆమె మాట సుందరరాజు వినిపించుకోలేదు. వినిపించుకునే అలవాటు లేదు.

పేరు తర్వాత రావలసిన మాటకూ ఏర్పాటు ఉంది. పెద్దలకు శాంతం, త్యాగం, ఔదార్యం. అన్నం చల్లారిందని రోజూ పెళ్లాం మీదికి కంచం విసిరే సంఘ పెద్ద ఒకాయన పోతే "వీరి తత్వము శాంతము" అని చదివాడు. ఆ విధవరాలు కొంగు నోట్లో కుక్కుకుని వణికిపోయింది. ఎంత దుఃఖమో అని జనం జాలిపడ్డారు. ఆమె నవ్వు ఆపుకోలేక అలా అయిందని దెబోరా ఒక్కతే కనిపెట్టింది. ఇక కూలి మగవాళ్లకు కష్టజీవనం, కూలి ఆడవాళ్లకు విధేయత. ముప్పై ఏళ్లలో కూలివాళ్ల పేట నుంచి ఎంతమంది ఆడవాళ్లు పోయారో అంతమందీ విధేయులుగానే పోయారు.

1977లో రిటైరయ్యాక ఆయనకు తీరిక ఎక్కువైంది. చావు తొందరపెడుతుంది గానీ మంచి తెలుగు తొందరపడితే రాదు అనుకుని, రూళ్ల నోటుబుక్కు ఒకటి కొని ముందుగానే రాసిపెట్టడం మొదలుపెట్టాడు. తేదీ ఒక్కటే ఖాళీ. ఆదివారం గుడిలో ముందు వరసలో కూర్చుని ఎవరు దగ్గుతున్నారో, ఎవరు లేవలేక లేస్తున్నారో గమనించేవాడు. ఆయన చూపు మీద పడితే ముసలివాళ్లు గబుక్కున నిటారుగా కూర్చునేవారు.

ఆ నోటుబుక్కులో బాలమ్మకూ ఒక పేజీ ఉంది. బాలమ్మ ముప్పై ఏళ్లు గుడి ఊడ్చింది. మిగిలిన పొద్దంతా చేన్లలో కలుపు తీసింది, పత్తి ఏరింది. ఆమె మొగుడు దేవదానం 1974లో పోయాడు. ఒంట్లో శక్తి తగ్గాక ఆళ్లగడ్డలో ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే కూతురు రూతు దగ్గరికి చేరింది.

1981లో ఒక వానాకాలం పొద్దున, ఆళ్లగడ్డ నుంచి వచ్చిన బస్సు కండక్టరు ఒక కబురు తెచ్చాడు. ఆసుపత్రి గేటు దగ్గర రూతు ఏడుస్తూ కనబడిందని, బాలమ్మ పోయినట్టుందని. సుందరరాజు వెంటనే నల్ల కోటు తీశాడు.

"కనుక్కోని పోండి. కండక్టరు మాట పట్టుకోని పోతారా?" అంది దెబోరా.

"చావు కబురు ఎవరన్నా ఊరికే చెప్తారా?" అంటూ ఆయన నోటుబుక్కులోంచి పేజీ చించి, తేదీ వేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆళ్లగడ్డలో దిగి, ముందు మహానందయ్య షెడ్డుకు వెళ్లాడు. మహానందయ్య దేవుళ్ల విగ్రహాలు చెక్కే శిల్పి. నంద్యాల క్రైస్తవుల సమాధి రాళ్లకు అక్షరాలు కూడా ఆయనే చెక్కేవాడు. చిన్న రాయి ఒకటి చూసిపెట్టమని, పేరు కింద విధేయత అని వేయమని చెప్పి, సుందరరాజు రూతు ఇంటికి నడిచాడు.

బాలమ్మ మంచం మీద కూర్చుని జొన్న గంజి తాగుతోంది.

వారం రోజుల జ్వరం రాత్రే దిగింది. రూతు ఏడ్చింది ముందు రోజు, డాక్టరు ఆశ లేదన్నప్పుడు. డాక్టరు మాట తప్పింది. కోటు వేసుకుని గడపలో నిలబడిన సుందరరాజును బాలమ్మ కింది నుంచి పైదాకా చూసింది.

"ఏందయ్యోరా, ఎండగొట్టే పొద్దులో కోటేసుకోని వచ్చినావు?"

"ఊరికే, పలకరించి పోదామని."

"పలకరించేదానికి కోటెందుకు? నేను సచ్చిపోయినానని వచ్చినావు. జోబీలో కాయితం కూడా కనపడతాండాది." ఆమె గంజి లోటా మోకాలి మీద పెట్టుకుంది. "సరే, వచ్చినోనివి వచ్చినావు. చదువు."

"తప్పు బాలమ్మా, అట్లా చదవకూడదు."

"సచ్చినాంక నాకు యాడ వినపడతాది? ఇప్పుడే చదువు. బేగా."

రూతు స్టూలు వేసింది. కూర్చుంటే చదవలేని మనిషి కాబట్టి సుందరరాజు నిలబడే గొంతు సవరించుకున్నాడు.

"బాలమ్మగారు జూపాడు బంగ్లా గ్రామమందు నిరుపేద కుటుంబములో జన్మించి..."

"నిరుపేద గాదు. మా నాయనకు రెండెద్దులుండె. కొట్టేయి."

"...యౌవనమందు దేవదానంగారిని వివాహమాడి, దేవాలయ పరిచర్యలో మూడు దశాబ్దములు..."

"పరిచర్య అంటే ఏంది?"

"అదే, ఊడ్చడం."

"ఊడ్చినా అని రాయి. నాకు తెలీకుండా ఇంకో పనేమన్నా చేసినానేమో అనుకుంటి."

సుందరరాజు చదివే చరిత్ర మధ్యలో శ్రోత మాట్లాడడం ఇదే మొదలు. గబగబా చివరికి వచ్చి, అలవాటు కొద్దీ గొంతు తగ్గించి, కళ్లద్దాలు తీశాడు. "వీరి గుణము విధేయత."

"అంటే?"

"చెప్పిన మాట వినడం."

బాలమ్మ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, రూతు వీపు రాస్తే గానీ ఆగలేదు. రూతు కూడా గోడకానుకుని నవ్వుతోంది. సుందరరాజు కాగితం మడిచాడు గానీ జేబులో పెట్టుకునే ధైర్యం లేకపోయింది.

"నేనా? ఎవురి మాట విన్యా?" అంది బాలమ్మ. ఇప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు. "మా ఆయప్ప గుంట కాడ నువ్వు లేవా అయ్యోరా? గొడుగు పట్టుకోని నిలబడినోనివి నువ్వు గాదా?"

ఆయనే. సమాధుల తోటలో ముందు వరసలన్నీ కమిటీ కుటుంబాలవి. పేట మనుషులకు వెనకాల తుమ్మ కంప పక్కన చోటు. వానొస్తే అక్కడ నీళ్లు నిలుస్తాయి. దేవదానం ఇరవై ఏళ్లు ఆ తోటలో అందరికీ గుంటలు తవ్విన మనిషి. ఆయన పోయినప్పుడు సంఘ ప్రెసిడెంటు అబ్రహాము గారు కంప పక్కనే గుంట తవ్వించారు. అడుగున మోకాలి లోతు నీళ్లు ఊరాయి. పెట్టె దించబోతుంటే బాలమ్మ గుంటలోకి దిగి ఆ నీళ్లలో కూర్చుంది. నన్ను కూడా పూడ్చండి, లేదంటే మెరక మీద చోటు చూపించండి అంది. పాస్టరు బతిమాలాడు. అబ్రహాము పోలీసుల పేరెత్తాడు. మధ్యాహ్నం దాకా వాన తెరిపివ్వలేదు, ఆమె లేవలేదు. చివరికి ముందు నుంచి మూడో వరసలో ఇంకో గుంట తవ్వారు. అంతసేపూ సుందరరాజు గొడుగు కింద తన కాగితం తడవకుండా చూసుకున్నాడు. ఆ తర్వాత "వీరి గుణము కష్టజీవనము" అని చదివి ఇంటికెళ్లి భోంచేశాడు.

"నాకుండేది కోపం, అయ్యోరా," అంది బాలమ్మ. "ఆ పొద్దు కోపం రాకుంటే నా మొగుడు ఇప్పటికీ నీళ్లల్లో నానతా ఉండేవాడు. కోపం లేకుంటే ఈ పిల్ల బడి మొగం చూసుండదు. తెల్లారి లేస్తానే నాకు ముందు కోపం లేస్తాది, ఆ యెనక నేను లేస్తా. కోపమని రాయి."

"కోపం దుర్గుణం బాలమ్మా. సమాధి దగ్గర..."

"దుర్గుణమైతే నాది గాకుండా పోతాదా? ఎవురిదో గుణం తెచ్చి నా పెట్టెలో పెట్టి పూడుస్తావా? ఆడ యేసయ్య పిలిస్తే పెట్టెలోంచి ఎవురు పలకల్ల?"

సుందరరాజు వేదాంతం ఇంత దూరం ఆలోచించి రాలేదు.

"మాటియ్యి," అని ఆమె చెయ్యి చాచింది. పత్తికాయ మొనలు గీరిన గీతలు ఆ చెయ్యంతా ఉన్నాయి. ఆయన మాట ఇచ్చాడు. సాయంత్రం బస్సు దాటిపోతుందని ఇచ్చాడని చెప్పాలి, నిజం చెప్పాలంటే.

తిరిగి వస్తూ మహానందయ్య షెడ్డులో ఆగి రాతి పని ఆపమన్నాడు. ముందే చెప్పకూడదా అప్పా, సుద్దముక్కతో గీసుకున్నా అని మహానందయ్య విసుక్కున్నాడు. జరిగింది విని సుత్తి పక్కన పెట్టాడు.

"మేము ఏ రాయినైనా ముందు తట్టి చూస్తాం. గంట మాదిరి మోగితే ఒక పనికి, తాళం మాదిరి మోగితే ఒక పనికి. మోగకుంటే మెట్టుగా ఏస్తాం. తట్టకుండా ఉలి పెడితే మా నాయన చెయ్యి ఇరగ్గొట్టేవాడు. ముప్పై ఏండ్ల నుంచి నువ్వు మనుషుల గుణాలు రాస్తాండావు. ఎప్పుడన్నా ఒకర్ని అడిగినావా?"

సుందరరాజు బస్సుకు టైమైందన్నాడు.

ఇంటికి వచ్చాక ఆయనకు నిద్ర పట్టలేదు, కానీ అది పశ్చాత్తాపం వల్ల కాదు. కోపం అనే మాట మరీ వంటింటి మాటగా ఉంది. క్రోధం అంటే పురాణాల్లో రాక్షసులు గుర్తొస్తారు. రోషం మగవాళ్లది. నాలుగు రోజులు వెతికి, చివరికి ధర్మాగ్రహం అనే మాట దొరికించుకుని, పండగ చేసుకున్నాడు. ఇచ్చిన మాట తప్పినట్టు కాదు. విన్నవాళ్లకు అర్థమూ కాదు.

"ఆమెకు తెలుసా ఆ మాట?" అంది దెబోరా.

"ఘనంగా ఉంది కదా."

"ఘనంగా ఉండాలని అడిగిందా ఆమె?"

ఆయన నోటుబుక్కు మూశాడు.

బాలమ్మ ఎనిమిది నెలలు బతికింది. 1982లో ఎండలు ముదిరే రోజుల్లో పోయింది. శవాన్ని జీపులో నంద్యాలకు తెచ్చారు. దేవదానం పక్కన చోటు ఇవ్వడానికి ఈసారి అబ్రహాము మారు మాట్లాడలేదు. ఎవరైనా మళ్లీ గుంటలోకి దిగుతారేమోనని భయపడ్డాడని పేటలో చెప్పుకున్నారు. కానీ ఆ మధ్యాహ్నం సుందరరాజు ఇంటికి స్వయంగా వచ్చాడు.

"ఏం రాసినారు సార్?" అన్నాడు అరుగు మీద కూర్చుంటూ. "ఆ పాత గొడవలు ఏమీ వద్దు. పెద్దమనుషులుంటారు. విధేయత అని పెట్టండి, సంఘానికీ మర్యాద, ఆమెకూ మర్యాద. అట్లా కుదరదంటారా, మైకులో చదివేదానికి వేరే పిల్లోళ్లున్నారు."

సుందరరాజు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అబ్రహాము దాన్ని ఒప్పుకోలు అనుకుని వెళ్లిపోయాడు. సుందరరాజుకు మైకు పోతుందంటే ఒంట్లోంచి ఏదో తీసేసినట్టయింది. బడి పోయింది, జీతం తగ్గింది, చూపు మందగించింది. జనం తన వైపు తిరిగి చూసే చోటు అదొక్కటే మిగిలింది. అయినా ఆ రోజు ఆయన బెదరలేదు. తన మాట ఎంత తెలివైనదో తలుచుకుని లోపల మురిసిపోయాడు. బాలమ్మకు ఇచ్చిన మాట నిలుస్తుంది, అబ్రహాముకు అంతు చిక్కదు, మైకు తన చేతిలోనే ఉంటుంది.

సాయంత్రం భూస్థాపనకు పేటంతా వచ్చింది. సుందరరాజు చదివాడు. రెండెద్దుల సంగతి చదివాడు. ఊడ్చినారు అని కూడా చదివాడు, ఒక్క క్షణం తటపటాయించి. చివరికి కళ్లద్దాలు తీశాడు.

"వీరి గుణము ధర్మాగ్రహము."

అబ్రహాము కళ్లు మూసుకుని తల ఊపాడు. ఆడవాళ్లు ఘొల్లుమనలేదు. ఏడవాలో వద్దో వాళ్లకు తెలియలేదు. పెట్టె పక్కన నిలబడిన రూతు కళ్లు తుడుచుకుని తలెత్తింది.

"అంటే ఏంది సార్?"

ముప్పై ఏళ్లలో గుంట పక్కన ఎవరూ అడగలేదు. భూస్థాపన దగ్గర అడిగేది కాదది.

"ధర్మము కొరకు కలిగెడి ఆగ్రహము," అన్నాడు మైకులోనే.

"ఆగ్రహమంటే?"

పేట ఆడవాళ్లు ఒక అడుగు ముందుకు వచ్చారు. సుందరరాజు కాగితం వైపు చూశాడు. ఆ మాట తర్వాత చుక్క ఉంది, అంతకు మించి ఏమీ లేదు.

"కోపం," అన్నాడు.

మైకు ఆ మాటను తోట గోడ అవతలి రోడ్డు దాకా వినిపించింది. పేట నుంచి "ఆఁ" అనే మాట ఒకే గొంతుగా వచ్చింది. అబ్రహాము కళ్లు తెరిచాడు. అక్కడితో ఆగినా బాగుండేది. రూతు ఆగలేదు.

"ఎవురి మీద సార్?"

ఎవరి మీదో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ఆ రోజు గొడుగు పట్టుకుని నిలబడిన పండితుడితో సహా అందరికీ తెలుసు. పాస్టరు గారు పాట పుస్తకంలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. అబ్రహాము రెండు బారల దూరంలో నిలబడి సుందరరాజునే చూస్తున్నాడు. ఇప్పుడు చెప్పాలి. "ఆయన మీద, నా మీద" అని చెప్పాలి. అంతే, నాలుగు మాటలు. సుందరరాజు నోరు తెరిచాడు.

"సాతాను మీద," అన్నాడు.

జనమంతా తిరిగి అబ్రహాము వైపు చూశారు.

ఎవరూ అనుకుని చేసింది కాదు. పిల్లలు చూశారు, ముసలివాళ్లు చూశారు, పాస్టరు గారు కూడా పుస్తకం మీంచి తలెత్తి అటే చూశాడు. అబ్రహాము తన వెనకాల ఎవరున్నారా అని తిరిగి చూసుకున్నాడు. వెనకాల గోడ ఉంది. ముందు ఎవరో ముసలమ్మ కిసుక్కున నవ్వింది. ఆ తర్వాత పేటంతా కళ్లనీళ్లతోనే నవ్వింది. రూతు కూడా నవ్వుతూ, ఏడుస్తూ పిడికెడు మట్టి తీసుకుని పెట్టె మీద వేసింది.

"చాలు సార్," అంది.

సుందరరాజు మైకు కింద పెట్టాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. ధైర్యం చేసి నిజం చెప్పిన ఘనతా దక్కలేదు, నమ్మకంగా అబద్ధం చెప్పిన లాభమూ దక్కలేదు. నిజం ఆయన నోటి నుంచి ఆయనను అడక్కుండానే వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారమే కమిటీ తీర్మానం చేసింది. వయసు మీద పడిన సుందరరాజు గారికి విశ్రాంతి ఇచ్చి, జీవిత చరిత్రలు చదివే పని అబ్రహాము అన్న కొడుక్కు అప్పగించారు. ఆ తర్వాత రెండు వారాలు సుందరరాజు ఇంట్లోంచి బయటికి రాలేదు. చావు డప్పు వినబడితే లేచి కోటు దగ్గరికి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. దెబోరాకు మొదటిసారి ఆయనను ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

మూడో వారం కొండమ్మ వచ్చింది. పేటలో అందరికంటే పెద్దది, బాలమ్మతో కలిసి పత్తి ఏరిన మనిషి. అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"నాది రాసుకో అయ్యోరా."

"నా చేతిలో మైకు లేదు కొండమ్మా."

"మైకు లేకుంటే ఏం, గొంతుండాది గదా. పుస్తకం తీయి. నాది భయం. మొగునికి భయపడినా, రెడ్డికి భయపడినా, బాలమ్మ గుంటలో దిగిన పొద్దు చెట్టు చాటున దాంకున్యా. ఓర్పు గీర్పు అని రాసేవు, వద్దు. భయమని రాయి."

సుందరరాజు కలం తీశాడు. భీతి అనే మాట వేళ్ల దాకా వచ్చింది. కొండమ్మ మొహం చూసి, భయం అని రాశాడు. మర్నాడు అదే పేట ఏలీయా వచ్చి, పక్కోడు బాగుపడితే ఓర్వలేకపోవడం తన గుణమని, అది పాస్టరుకు చెప్పొద్దని చెప్పి రాయించుకున్నాడు. తర్వాత ఇంకొకరు. తర్వాత అరుగు మీద చోటు చాలక దెబోరా చాప వేసింది.

అందరూ ఆయనతో మర్యాదగానే మాట్లాడారు. కానీ రాసింది తిరిగి చదివి వినిపించేదాకా ఒక్కరూ అక్కడి నుంచి లేవలేదు.